అమ్మ ముందే చెప్పిన స్తోత్రం

అమ్మ ఫోన్ నుంచి నాన్న గొంతు వచ్చింది. అప్పుడే ఏదో జరిగిందని తెలిసిపోయింది. మా ఇంట్లో ఫోన్ చేసే పని అమ్మది. నాన్న మాట్లాడాలనుకుంటే పక్కన నిలబడి గొంతు సవరించుకుంటాడు, అమ్మ ఫోన్ తీసుకెళ్ళి ఆయన చెవికి ఆనిస్తుంది. ఆ రోజు నేను నెల్లూరులో మా స్కూల్లోనే ఉన్నాను, పిల్లలకు మ్యాపులో నదులు గుర్తించమని చెప్పి వరండాలోకి వచ్చాను. "పాపా, మీ అమ్మ మిషను ముందర కూర్చోనే పక్కకు ఒరిగిపోయింది. కారులో నెల్లూరుకు తెస్తా ఉండాం," అన్నాడు. ఏ ఆసుపత్రికి అని అడిగాను. కాసేపు కారు శబ్దమే వినిపించింది. "ఇప్పుడే పోయింది పాపా. నువ్వు రోడ్డు మీద పరిగెత్తబాక," అన్నాడు.

అమ్మ పోయి నెల దాటింది. మంచం కింద పెట్టె ఇంకా సర్దినట్టే ఉంది. అమ్మ, నాన్న, నేను ఎక్కాల్సిన థాయిలాండు విమానం మేం లేకుండానే వెళ్ళిపోయింది. అమ్మను తలుచుకుందామని కూర్చుంటే నాకు వరసగా గుర్తొచ్చేది ఆ జరగని ప్రయాణమే, కాబట్టి అదే చెప్తాను.

ముందు అమ్మ అలవాటు ఒకటి తెలియాలి. ఏదైనా జరగకముందే దేవుడికి కృతజ్ఞత చెప్పేసేది. బస్సు కనిపించకముందే బస్సుకు స్తోత్రం. కరెంటు పోయి చీకట్లో కూర్చుంటే, రాబోయే కరెంటుకు స్తోత్రం. "ముందే థాంక్స్ చెప్పేస్తే ఇవ్వక ఏం చేస్తాడు? ఆయనకు మాత్రం మొహమాటం ఉండదా?" అనేది. ఇంట్లో అనుకుంటే సరే. ఆదివారం చర్చి ఆరాధనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చిందంటే నాకూ నాన్నకూ గుండెల్లో రాయి పడేది. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది, ఫలితాలు రాకముందే లేచి నిలబడి నన్ను ఫస్టు క్లాసులో పాసు చేసిన దేవునికి వందనాలు చెప్పింది. నేను లెక్కల్లో తప్పాను. నేనైతే ఇక గుడి మొహం చూడను అన్నాను. అమ్మ మాత్రం మరుసటి ఆదివారం మళ్ళీ లేచి, సప్లిమెంటరీలో పాసు చేయబోతున్న దేవునికి స్తోత్రం అంది. చచ్చినట్టు చదివి పాసయ్యాను. ఈ రోజు నేను సోషల్ టీచర్ని అయ్యానంటే అందులో దేవుడి వాటా ఎంతో నాకు తెలియదు గానీ, అమ్మ పెట్టిన మొహమాటం వాటా మాత్రం చాలా ఉంది.

మాది కోట ఊరికి తూర్పున సముద్రపు ఒడ్డు పల్లె. అమ్మ ఊరందరి జాకెట్లూ కుట్టేది. నాన్నది రొయ్యల గుంట, ఊరికి పడమర ఉప్పుకాలువ పక్కన. ఆ గుంట గట్టు ఎవర్నీ ఎక్కనివ్వడు. రోగం మనుషుల కాళ్ళతో వస్తుందని ఆయన భయం. గట్టుకు అడ్డంగా పెట్టిన తడిక తలుపు దగ్గర బ్లీచింగ్ నీళ్ళ తొట్టి పెట్టి, అది దాటి అడుగు పడితే కేకలేసేవాడు. అందరి ఇళ్ళకూ తిరిగే అమ్మ కాళ్ళంటే ఆయనకు మరీ హడలు, ఎందుకంటే ఆ ఇళ్ళలో సగానికి గుంటలున్నాయి. అమ్మ క్యారియర్ తీసుకెళ్ళి తడిక బయట పెట్టి "అన్నం!" అని కేకేసి వెనక్కి తిరిగేది. గుంట తవ్వినప్పటి నుంచి అంతే. ఎక్కుతానని ఆమె అడిగినట్టు గానీ, రమ్మని ఆయన అన్నట్టు గానీ నాకు గుర్తు లేదు.

పోయిన వేసవి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నాతో పాటు స్కూలు మ్యాపు ఒకటి తెచ్చాను, చివర్లు చినిగితే అమ్మ గుడ్డ వేసి కుడుతుందని. కుడుతూ కుడుతూ అడిగింది.

"మన సముద్రానికి అవతలి ఒడ్డు యాడ ఉండాది పాపా?"

వేలు పెట్టి చూపించాను. ఇది మనం, ఇది బంగాళాఖాతం, ఇవి అండమాన్ దీవులు, ఇదిగో ఇది థాయిలాండు. మధ్యలో సముద్రం పేరు మారుతుంది గానీ నీళ్ళన్నీ ఒకటేలే అన్నాను.

"ఆడ నిలబడి మన పక్కకు తిరిగితే ఏం కనబడతాది?"

"పొద్దు సముద్రంలో మునిగేది కనబడుతుంది."

అమ్మ మిషను ఆపింది. "ఈ పొద్దు పుట్టేది చూసి చూసి విసుగొచ్చింది పాపా. అది లేచిందంటే నేను లేయాల, పొయ్యి వెలిగించాల. అది మునిగేది చూస్తే ఆ దినం పని ఐపోయినట్టు ఉంటాది గదా, కండ్లకు," అంది.

ఇన్నేళ్ళలో అమ్మ నన్ను ఏదీ అడగలేదు. వెంటనే ఫోన్ తీసి ఒక టూరు వాళ్ళ ఫొటోలు చూపించాను. చూపించాను, అంతే. నాన్నను అడుగుదాం, నిదానంగా ఆలోచిద్దాం అని కూడా అన్నాను. రెండు రోజులకు ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయానికి నా పక్కన చీర చప్పుడైంది. చెయ్యి పట్టి లాగేలోపే అమ్మ లేచి నిలబడింది.

"నన్నూ, మా ఆయన్నూ, మా బిడ్డనూ సముద్రం అవతలికి తీసకపోయి, పొద్దు నీళ్ళల్లో మునిగేది చూపించబోతా ఉండే దేవునికి స్తోత్రం," అంది.

సంఘమంతా హల్లెలూయా అంది. నేను మగవాళ్ళ వైపు చూశాను. నాన్న మెడ ఒక్కటే కనిపించింది, ఎర్రగా. మా సంఘంలో సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. దేవుడు చేయలేదని చెప్పడం కుదరదు, మేం చేయలేదని చెప్పడం ఇంకా కుదరదు. ముగింపు ప్రార్థన కాకముందే నాన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎవుర్ని అడిగి చెప్పినావు?"

"దేవుణ్ణి."

"నేను పోతే గుంట ఎవురు చూస్తారు? దేవుడా?"

"ఇప్పుడు చూస్తా ఉండేది ఆయనే గదా. నువ్వు మేత వేసేవాడివే గదయ్యా."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు ఎగదోసినావు గదా దీన్ని. పొద్దు మునిగేది చూడాలంటే కేరళ పోండి, రైలుండాది. దానికి దేశం దాటాల్నా?"

"అది మన సముద్రం కాదు గదా," అంది అమ్మ.

"ఐనా దాంట్లో చూసేదానికి ఏముండాది? రోజూ గుంట మీద చూస్తానే ఉండా నేను."

"నువ్వు చూస్తా ఉండావు. నేను చూడలా."

ఆ మాట అక్కడే పడిపోయింది. ముగ్గురం అక్కడే ఉన్నాం, ఒక్కరం కూడా దాన్ని ఎత్తుకోలేదు.

ఆ రోజు నుంచి నాన్న ఇంటికి రావడం మానేసి గుంట దగ్గర గుడిసెలోనే ఉండిపోయాడు. అమ్మ క్యారియర్ పెట్టి కేకేసేది, ఆయన ఆమె కనుమరుగయ్యాక వచ్చి తీసుకునేవాడు. నాతో మాత్రం పక్క గుంట కాపలా మనిషి ఫోన్లో "మీ అమ్మకు చెప్పు" అంటూ మాట్లాడేవాడు. ఇంత కోపంలో కూడా చేపల పులుసు గిన్నె నాకినట్టు ఖాళీగా వచ్చేది. అది చూసి అమ్మ, "కోపం నా మీదే, పులుసు మీద కాదులే," అనేది.

ఊళ్ళో ఇంకో గోల. మా గుడి స్త్రీల సమాజంలో పెద్దక్క ఒకామె ఇంటికొచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, "థాయిలాండంటనే? అది మగోళ్ళు చెప్పకుండా పోయే దేశం గదమ్మే. మీ ఆయన్ని ఆడికి తీసకపోతావా?" అంది. అమ్మ దారం తెంపుతూ, "అందుకే గదక్కా నేనుగూడా పోతా ఉండేది," అంది.

చివరికి నాన్నను కదిపింది మా పాస్టరుగారు. ఒకరోజు తడిక దాకా వచ్చి, బ్లీచింగ్ తొట్టికి ఇవతలే నిలబడి, "ప్రయాణ ప్రార్థన పెట్టుకోవాలి గదా, ఎప్పుడు పోతా ఉండారు?" అని అడిగారు. లేదనడానికి నాన్నకు నోరు రాలేదు. "ఈ పంట పట్టినాక అయ్యగారూ," అనేశాడు. దేవుడి సంగతి నాకు తెలియదు, మా నాన్న మాత్రం మొహమాటానికి దొరికిపోయాడు.

రొయ్య ఎప్పుడు సైజుకొస్తుందో ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. నేను మాత్రం ఏదో అంచనా వేసి, రొయ్యలు పట్టి అమ్మడం అయిపోయే సమయానికి టికెట్లు తీసేశాను. ఆగితే నాన్న మనసు మారుతుందని నా భయం. అక్కడి నుంచి మా ముగ్గురికీ నిద్ర సరిగా పట్టలేదు. మబ్బు పడితే భయం, కరెంటు పోతే భయం, నాన్న ఫోన్ వస్తే మరీ భయం.

అంతకుముందు పాస్‌పోర్టు కోసం వెళ్ళిన రోజు మర్చిపోలేను. నాన్న వేలిముద్రలు పడలేదు. సున్నం, బ్లీచింగ్, ఉప్పునీళ్ళు కలిసి ఆయన వేళ్ళ మీద గీతలు ఏమీ మిగల్చలేదు. కౌంటరులో అమ్మాయి మళ్ళీ పెట్టండి, గట్టిగా నొక్కండి అంటోంది. "ఇంటికి పోదాం పాపా, నా చేతులు పనికిరావంట," అన్నాడు చిన్నగా. అప్పుడు అమ్మ ఆయన చెయ్యి లాక్కుని కొంగుతో ఒక్కొక్క వేలూ తుడిచింది, నోటి ముందు పెట్టుకుని వేడిగా ఊదింది. "పడిన ముద్రకు స్తోత్రం," అంది అందరికీ వినబడేలా. వరసలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. ముద్ర పడింది. బయటికొచ్చాక నాన్న చాలాసేపు ఆ చెయ్యి గుప్పిట మూసుకునే నడిచాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు పక్క గుంటకు తెల్లమచ్చ రోగం వచ్చింది. ఆ రోగం తగిలితే రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలిపోతాయి, గుంటంతా రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుంది. నాన్న తడికకు తాళం వేశాడు. క్యారియర్ కూడా దూరంగా పెట్టమన్నాడు. నేను నెల్లూరు నుంచి వచ్చేసరికి అమ్మ తడిక ఇవతల, ఆయన గట్టు మీద, మధ్యలో కేకలు.

"ప్రయాణం లేదు, ఏం లేదు! మీరిద్దురూ పోండి!"

"నేను ముగ్గురికి చెప్పినా స్తోత్రం," అంది అమ్మ.

"ఐతే ఎవురూ పోబాకండి!"

నేను మధ్యలో దూరి, ఆపుతాను నాన్నా, టికెట్లు మార్పిస్తాను అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. ఖాళీ క్యారియర్ తీసుకుని ఇంటిదారి పట్టింది. ఆమె అంత మెల్లగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అమ్మ లేవలేదు. పాస్టరుగారు అలవాటు కొద్దీ మా వైపు చూసి ఆగారు. అమ్మ తల వంచుకుని కొంగు మడతలు పెడుతోంది. గుడిలో అందరూ దగ్గడం, సర్దుకోవడం మొదలుపెట్టారు. వెనక తలుపు దగ్గర, స్నానం చేసి నేరుగా వచ్చిన నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో అంత భయం పక్క గుంట చచ్చిపోయినప్పుడు కూడా లేదు.

సాయంత్రం తడిక దగ్గర అమ్మను అడిగాడు.

"ఏమ్మే, ఈ వారం లేయలేదే?"

"ఏం చెప్పేది?"

రెండు రోజులకే నాన్న గుంటలో రొయ్యలన్నీ పట్టించేశాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే రొయ్య ఇంకా పెరిగేదని అందరూ అన్నారు, పిచ్చోడన్నారు. నాకు ఫోన్ చేసి, "రోగం భయానికి పట్టేసినా. మీ అమ్మ కోసమేం కాదు," అన్నాడు. పక్కన అమ్మ నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో నాన్న అమ్మ ఫోన్ నుంచి మాట్లాడాడు.

అక్కడి నుంచి ఇంట్లో అంతా పెళ్ళి సందడి. అమ్మ పచ్చళ్ళు కట్టింది, నాకూ తనకూ డ్రస్సులు కుట్టింది. నాన్నకు లుంగీ తప్ప ఏదీ అలవాటు లేదు. ఎవరో కుట్టించుకున్న కర్టెన్ల గుడ్డ మిగిలితే, పెద్ద పెద్ద పసుపు పూలది, దాంతో ఆయనకు మోకాళ్ళ దాకా నిక్కరు కుడతానంది. టేపు పట్టుకుని నడుము చుట్టూ చేతులు వేస్తే ఆయన సిగ్గుతో బిగుసుకుపోయాడు. "ఊపిరి బిగబట్టబాకయ్యా, తర్వాత చినిగిపోతాది," అంది. "ఇది ఏసుకుంటే ఆ దేశమోళ్ళు నన్ను విమానం దిగనిస్తారా?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళను అలా చూసి నాకు ముచ్చటేసింది, చెప్పొద్దూ, కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

ఆ నిక్కరు కుడుతూనే అమ్మ ఒరిగిపోయింది. ఒక కాలు అంచు మడిచి కుట్టేసింది. రెండో కాలు సూది కిందే ఉండిపోయింది.

జ్ఞాపకార్థ కూడిక రోజు గుడి నిండిపోయింది. అమ్మ ముందే చెప్పిన స్తోత్రం అందరికీ గుర్తుంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పాస్టరుగారు మంచి మనసుతోనే అన్నారు, "మన సహోదరి ఇంకా గొప్ప ఆవలి ఒడ్డు చేరింది, ఇంకా గొప్ప వెలుగు చూసింది," అని. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ అడిగింది ఆ ఒడ్డు కాదు. ఇసుక ఉండే ఒడ్డు, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ఒడ్డు. నేను ఆమెన్ అనలేదు. చూస్తే నాన్న పెదాలు కూడా కదలలేదు.

సాక్ష్యాల సమయం అన్నప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకుని, అలవాటుగా పక్కకు చూసి, ఏమీ అనకుండా కూర్చున్నాడు.

మరుసటి రోజు సాయంత్రం నేను నెల్లూరుకు బయల్దేరబోతుంటే, "గుంట కాడికి రా పాపా," అన్నాడు. తడిక దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"రా. పిల్లను ఇంకా వదల్లా," అన్నాడు. గుంట నిండా కొత్త నీళ్ళు పెట్టాడు, రొయ్యపిల్లను మాత్రం వదల్లేదు. పక్క గుంటల్లో అప్పుడే వదిలేశారని తర్వాత తెలిసింది. నేను చెప్పులు విప్పి, తొట్టిలో కాళ్ళు ముంచి, మొదటిసారి ఆ గట్టు ఎక్కాను. నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరగని గుంట ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. నాన్న నన్ను తూర్పు గట్టు మీదికి తీసుకెళ్ళి పడమరకు తిప్పి నిలబెట్టాడు. ఆయన ఆ పసుపు పూల నిక్కరు వేసుకుని ఉన్నాడు. ఒక కాలుకు అంచు లేదు, పోగులు వేలాడుతున్నాయి.

పొద్దు నీళ్ళ చివర దాకా దిగింది. నీళ్ళ మీది ఎరుపు మా కాళ్ళ వరకు వచ్చింది.

"ఈడగూడా మునుగుతాది పాపా," అన్నాడు నాన్న. "ఇన్నేండ్లు ఆ తడిక కాడ క్యారియర్ అందుకున్నా. ఒక్కనాడన్నా, ఎక్కి రామ్మే అనలా."

నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఎందుకు అనలేదు అని అరవాలనిపించింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ మీద గీతలు లేవు, నున్నగా ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటీ తుడిచి ఊదిన వేళ్ళు. అరవలేకపోయాను.

సగం మునిగింది. నాన్న ఏమీ అనలేదు. అంచు ఒక్కటే మిగిలింది, అప్పుడూ అనలేదు. అది కూడా పోయి, నీళ్ళ మీద ఎరుపు తగ్గడం మొదలయ్యాక, తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"స్తోత్రం," అన్నాడు నీళ్ళ వైపే చూస్తూ, పక్కన ఎవరికో వినబడేంత గొంతుతో.